ఆవిరక్క పారబోయని బకెట్

చేపల తొట్టి ముందు నిలబడినప్పుడల్లా ఆవిరక్క తన కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని వీపు వెనక పెట్టుకుంటుంది. తెలియనివాళ్లు చూస్తే తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ కుడిచెయ్యి ఆవిడ మాట వినదు. వదిలితే చాలు, అద్దం మీది పాకుడు గీకేస్తుంది. నీళ్లలో నానుతున్న ఎండుటాకును తీసి పారేస్తుంది. అడుగున పేరుకున్న గోధుమరంగు నలుసంతా పైపుతో లాగేస్తుంది. అందుకే దానికి ఆ సంకెల.

"పట్టుకున్నావా?" అని వెనక కుర్చీలోంచి అత్తగారు అడుగుతుంది.

"పట్టుకున్నానత్తయ్యా."

"గట్టిగా పట్టుకో. నిన్న జారింది."

ఆవిరక్క అన్నది ఆసుపత్రి వాళ్లు పెట్టిన పేరు. అట్టడుగు అంతస్తులో, కిటికీ లేని గదిలో ఆవిడ ఉద్యోగం. పైన ఆపరేషన్లకు వాడిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు అక్కడికి దిగుతాయి. వాటిని కీలు కీలుకూ బ్రష్షు పెట్టి తోమి, గుడ్డలో మూట కట్టి, బీరువా అంత ఆవిరి యంత్రంలో పెట్టి తలుపు బిగిస్తారు. బయటికి తీశాక ప్రతి మూట మీదా ఆవిరక్క అరచెయ్యి ఆనించి చూస్తుంది. ఎక్కడైనా రవ్వంత తడి తగిలిందా, ఇక ఆ మూట పనికిరాదు. మొత్తం విప్పి, మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. తడి ఉన్నచోటినుంచి కంటికి కనపడనిదేదో లోపలికి పాకుతుంది. లోపలికి పాకింది రేపు ఎవరి పొట్టలోకో పోతుంది.

కొత్తగా పెళ్లయినప్పుడు ఆ గది నేల తుడవడానికి చేరింది. "ఇక్కణ్నుంచి పైకెళ్లే దేనిమీదా ప్రాణమున్నది మిగలకూడదు, గుర్తుపెట్టుకో" అని ఆనాటి పెద్ద నర్సమ్మ చెప్పిన మాటను పనిలోనే వదిలేసి రాలేకపోయింది. ఇంటికీ తెచ్చుకుంది. ఇప్పుడు పెళ్లై వేరే ఊళ్లో ఉన్న కూతురు ఫోన్ చేసినప్పుడల్లా ఎత్తిపొడుస్తుంది: "నువ్వు నా బలపం కూడా ఉడకబెట్టావమ్మా. క్లాసులో నా ఒక్కదాని బలపమే మెత్తగా ఉండేది."

తొట్టి ఇంట్లోకి రావడానికి కారణం అత్తగారి మోకాళ్లు. నడక తగ్గి కుర్చీకి అంకితమయ్యాక ఆవిడకు ఎదురుగా గోడ తప్ప ఏమీ మిగల్లేదు. టీవీ పెడదామంటే ససేమిరా అంది.

"నేను మాట్లాడితే అందులోవాళ్లు పలకరు."

"చేపలు మాత్రం పలుకుతాయా అమ్మా?" అన్నాడు కొడుకు.

"పలకవు. కానీ వింటాయి."

ఆ కొడుకు, అంటే ఆవిరక్క భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసిన అద్దాల తొట్టిని, తాను బాగుచేసిన లిఫ్టులోనే కిందికి దించి, భుజం మీద మోసుకొచ్చాడు. బజారు సందులో చిన్న దుకాణం పెట్టుకున్న చేపలాయన దాని కొలత విని, "పెద్ద చేపలొద్దు, ఇరుకైపోతాయి. మరుగుజ్జు సిక్లిడ్లు తీసుకోండి. వేలెడంతే ఉంటాయిగానీ బుర్ర ఉన్న జాతి. ఇంట్లో మనుషుల్ని గుర్తుపడతాయి. కాపురం చేస్తాయి, పోట్లాడుకుంటాయి, పిల్లల్ని సాకుతాయి" అని ఒక జంటను ఇచ్చాడు.

ఆ జంటకు ఆవిరక్క చేసిన సేవ అంతా ఇంతా కాదు. గులకరాళ్లు ఉడకబెట్టింది. చేపలు దాక్కునే కొబ్బరి చిప్పను తోమి తెల్లగా చేసింది. నీళ్లు వడగట్టే ఫిల్టరు స్పాంజిని రోజూ కుళాయి కింద పిండి, పైన వేణ్నీళ్లు కూడా పోసింది. తొట్టిలో నీళ్లున్నాయో లేవో తెలియనంత తేటగా ఉండేవి. ఆ తేటనీళ్లలోనే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి ఎగశ్వాస పెట్టుకుని చచ్చిపోయాయి. రెండో జంటను ఇంకా జాగ్రత్తగా చూసుకుంది, అంటే ఇంకా ఎక్కువ కడిగింది. అవి ఇంకా తొందరగా పోయాయి.

"నీ చేతి శుభ్రానికి ఏదీ బతకదే అమ్మాయ్" అంది అత్తగారు.

ఊరికే అన్న మాట. అన్నావిడ మరుక్షణమే మర్చిపోయింది. విన్నావిడకు మాత్రం ముల్లులా దిగబడింది. ఆవిరక్క ఆ రోజంతా మూటలు కడుతూ తన చేతులకేసే చూసుకుంది. ఇన్నేళ్లుగా ఇవి ఒకే పని నేర్చుకున్నాయి, ఏదీ మిగలకుండా చెయ్యడం. ఇంకో పని వీటికి వస్తుందా, రాదా? గట్టు మీది మొక్కలు గుర్తొచ్చాయి. ఆకులు రోజూ సబ్బుగుడ్డతో తుడిచేది. అవీ పోయాయి.

మూడోసారి వెళ్తే చేపలాయన ఇవ్వనన్నాడు.

"కోపం కాదక్కా. నా చేతులతో పెంచిన పిల్లలు. తెలిసి తెలిసి ఎలా ఇవ్వను?"

అయినా మనసొప్పక ఒకసారి ఇంటికొచ్చి తొట్టి చూశాడు. నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. స్పాంజి పైకి తీసి చూసి, అది కొత్తదానిలా మెరుస్తుంటే, అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"దీన్ని కడుగుతున్నారా?"

"రోజూ" అంది ఆవిరక్క గర్వంగానే.

"అక్కా, ఈ స్పాంజిలో పేరుకునే జిగురుంటుంది చూడండి, అది మురికి కాదు, ప్రాణమున్నది. చేపలు విసర్జించే విషాన్ని తినేది అదే. మీరు రోజూ దాన్ని చంపుతున్నారు. అది చచ్చాక చేపలు వాటి విషంలో అవే ఈదుతున్నాయి."

అత్తగారే అందుకుంది.

"నాయనా, ఇంకొక్క జంట ఇవ్వు. దీని చెయ్యి నీళ్లలో పడకుండా నేను చూసుకుంటా. నాకు కాళ్లు లేవుగానీ నోరుంది."

చేపలాయన స్పాంజిని పక్కన పెట్టాడు. ఆ రకంలో తన దగ్గర మిగిలింది ఒకే ఒక్క జంట అన్నాడు. దుకాణంలో జనం అద్దాల మీద కొడుతుంటే అవి బెదిరి గుడ్లు పెట్టడం లేదట. "ఇక్కడ నెమ్మదిగా ఉంది. తెచ్చి పెడతాను. పిల్లలు బతికితే సగం నాకివ్వండి, ఆ జాతి నిలబడుతుంది. బతక్కపోతే..." అని మిగతాది మింగేశాడు. మర్నాడు జంటతోపాటు తన దుకాణంలో వాడిన జిడ్డు స్పాంజినే తెచ్చి అమర్చాడు. ఎండిన బాదం ఆకులు తొట్టి అడుగున పరిచాడు. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. ఆవిరక్క కుడిచేతి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుంది.

మగచేప రెక్కలు జీరాడుతూ నీలంగా, ఠీవిగా తిరిగేది. అత్తగారు దానికి దొరగారు అని పేరు పెట్టింది. ఆడది బూడిదరంగులో, చిన్నగా, ఎవరి కంటికీ ఆననట్టుండేది. అలాంటిది ఒకనాడు ఉన్నట్టుండి పసుపుముద్దలా మారిపోయి, కొబ్బరి చిప్ప గుమ్మంలో కాపలా నిలబడింది. దొరగారు పలకరించబోతే రెక్క చిరిగేలా తరిమింది.

"పసుపమ్మకు నెల తప్పింది" అని ప్రకటించింది అత్తగారు. "చూడు, మొగుణ్ని గుమ్మం తొక్కనివ్వట్లేదు."

"పాపం, ఆయనేం చేశాడమ్మా?" అన్నాడు కొడుకు, దొరగారి పక్షాన.

"చేసిందే కదురా ఇప్పుడు దాని తలకు చుట్టుకుంది."

చిప్ప నోరు అద్దం వైపే ఉంది. వంగి చూస్తే లోపలి కప్పుకు ఎర్రటి ఆవగింజల్లా గుడ్లు అంటుకుని ఉన్నాయి. అవి కంటబడిన క్షణం నుంచి ఆవిరక్కకు నిద్రా తిండీ కరువయ్యాయి. వచ్చేటప్పుడు పిల్లిలా అడుగులేసేది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. బెదిరితే తల్లే గుడ్లు తినేస్తుందని చేపలాయన చెప్పిపోయాడు. పక్కింట్లో ఎవరో తుమ్మినా పసుపమ్మ వైపే చూసేది.

ఒక ఉదయం గుడ్లలో ఒకటి తెల్లబడి, మీద దూదిలాంటి నూగు లేచింది. పనిలో అయితే ఆలోచించాల్సిన పనే లేదు. ఒక్కచోట తడి ఉంటే మూటంతా తీసెయ్యాలి. ఒక గింజకు పట్టిన బూజు పక్కగింజకు పాకదా? ఆవిరక్క ఆసుపత్రి మెట్ల కింద నిలబడి చేపలాయనకు ఫోన్ చేసింది.

"పట్టకారుతో ఆ ఒక్కటీ తీసేస్తా. ఉడకబెట్టిన పట్టకారే."

"వద్దక్కా. తల్లే ఏరేస్తుంది."

"ఏరకపోతే?"

"మీరు చెయ్యి పెడితే అన్నీ పోతాయి. చెయ్యి పెట్టకపోతే ఒకటే పోతుంది."

ఇంటికొచ్చి చూస్తే తెల్లగింజ లేదు. మిగతావి ఎర్రగా ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది. పడీ పడగానే ఇంకో భయం. ఏరి పారేసిందా, లేక తినడం మొదలుపెట్టిందా?

ఆ భయమే నిజమైనట్టు, తర్వాత ఒక పొద్దున చిప్ప కప్పు బోడిగా కనిపించింది. ఒక్క గింజ లేదు. పసుపమ్మ చిప్ప దగ్గరే లేదు. దూరంగా, ఆకులు కుప్పపడి నలుసు పేరుకున్న మూలలో తల కిందికి వంచుకుని నిలబడి ఉంది. తప్పుచేసినదానిలా ఉందనిపించింది ఆవిరక్కకు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పాత మాట మళ్లీ వినాలి. నిన్న ఆకుతునక తియ్యబోయి వేలికొస నీళ్లలో ముంచింది. ఆ వేలికి ఆసుపత్రి సబ్బు వాసన ఉండి ఉంటుంది. అదే చంపింది. పని గదిలో ఆ రోజు పట్టుకున్న ప్రతి మూటా తడిగానే తోచింది.

"అక్కా, ఇది ఎండి పెళపెళలాడుతోంది" అంది తోటి పనామె.

"విప్పు. మళ్లీ పెట్టు."

"అక్కా, పైన డాక్టర్లు మనల్ని కూడా యంత్రంలో పెడతారు."

ఆవిరక్క ఆ మూటను తనే విప్పింది.

మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి అత్తగారు కుర్చీలోనే మెడ వాల్చి కునుకు తీస్తోంది. భర్త పనిలో ఉన్నాడు. తొట్టి ముందు నిలబడింది. ఎడమచెయ్యి ఎప్పుడు వదిలేసిందో తెలియదు. కుడిచెయ్యి ఎప్పుడు పైపూ బకెట్టూ తెచ్చిందో అదీ తెలియదు. ఎలాగూ పోయాయి. ఇక ఈ కంపు ఎందుకు? ఉన్న రెండు ప్రాణులైనా శుభ్రంగా బతకనీ. పైపు ఒక కొస నీళ్లలో ముంచింది. రెండో కొస బకెట్లో వేసింది. గోధుమరంగు మురికి పైపులోంచి జరజరా దిగుతుంటే, ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది.

ముందు చిప్ప పక్కన శుభ్రం చేసింది. తర్వాత పైపును ఆ మూలకు జరిపింది.

పసుపమ్మ పైపు మీదికి దూకింది.

వేలెడు చేప, వేలంత లావు పైపును నోటితో కొట్టి, వెనక్కెళ్లి, మళ్లీ కొట్టింది. ఆవిరక్క పైపును పక్కకు తిప్పితే పైపును వదిలి చేతిమీదికే వచ్చింది. వేలికొస చివుక్కుమంది. పిచ్చెక్కిందా దీనికి? ఆవిరక్క చెయ్యి వెనక్కు లాక్కోవడంతో నీళ్లు చింది అత్తగారి పాదాల మీద పడ్డాయి.

"అమ్మాయ్! చెయ్యి!" కళ్లు తెరవకముందే అరిచింది అత్తగారు.

"గుడ్లన్నీ తినేసిందత్తయ్యా. పొద్దున్నే చూశా. ఇక ఏమీ లేవు." మళ్లీ పైపు పట్టుకుంది. "కడుగుతున్నా."

అత్తగారు ఆవిణ్ని చూడలేదు. ముందుకు వంగి తొట్టినే చూసింది. పసుపమ్మ ఇంకా పైపు కొస మీద పడి కొడుతూనే ఉంది.

"తినేసిన తల్లి అంత పోట్లాటకెందుకు వస్తుందే?"

ఆవిరక్క పైపును చప్పున పైకి లాగి బకెట్ ముందు కూలబడింది. మురికి నెమ్మదిగా అడుగుకు దిగుతోంది. అందులో వెంట్రుక తునకల్లాంటివేవో ఉన్నాయి. ఒక్కో తునకకు ఒక కొసన చుక్క. చూస్తుండగా ఒక తునక వణికింది. ఇంకొకటి వణికింది.

గుడ్లు పిల్లలయ్యాయి. తల్లి పిల్లల్ని నోటితో మోసుకొచ్చి, ఇంట్లో అన్నిటికన్నా మురికిగా ఉన్న మూల చూసి దాచుకుంది. ఆ మూలనే తను లాగేసింది.

"చంపేశానత్తయ్యా."

"చచ్చినవి కదులుతాయా? ఏడుపు తర్వాత. ముందు వాటిని ఇంటికి చేర్చు."

ఆవిరక్క లేచి చెంచా, తెల్లటి పళ్లెం తెచ్చింది. తెచ్చి, అలవాటు కొద్దీ పొయ్యి మీద నీళ్లు పెట్టబోయింది.

"ఉడకబెట్టకే తల్లీ!"

చెంచాను తొట్టినీళ్లలోనే ముంచింది. మురికిని కొంచెం కొంచెంగా పళ్లెంలోకి తీసి, ముక్కు దానికి ఆనేంత వంగి వెతికింది. తెలుపు మీద తునక కదిలితే నీళ్లతో సహా చెంచాలోకి ఎత్తి, తొట్టి మూలలో నెమ్మదిగా వంచింది. జిడ్డు, నలుసు, కుళ్లిన ఆకుపొడి గోళ్లలోకి పోయాయి. ఇన్నేళ్లలో ఆవిడ గోళ్లలో మురికి చేరడం అదే మొదటిసారి. చెంచా దిగిన ప్రతిసారీ పసుపమ్మ వచ్చి పొడిచింది. పొడిచి, వెంటనే మూలకు పరుగెత్తి, దిగిన పిల్ల చుట్టూ తిరిగింది. భర్త వచ్చేసరికి భార్య నేలమీద, తల్లి కుర్చీ అంచు మీద, ఇద్దరూ పళ్లెం మీదికి వంగి ఉన్నారు.

"ఏమైంది? ఏం పోయింది?"

"దీపం ఇటు తిప్పు, మాట్లాడకు" అంది తల్లి.

పళ్లెంలో ఇక ఏదీ కదలడం లేదనిపించాక కూడా బకెట్ అడుగున మురికి మిగిలింది. ఎంత వెతికినా నమ్మకం కుదరలేదు. ఆ జిగట మధ్య ఒక్కటి చిక్కుకుని ఉంటే? మొత్తం తొట్టిలో గుమ్మరిస్తే ఉన్న పిల్లలు కూరుకుపోతాయేమో. పారబోయాలంటే చెయ్యి రాలేదు. జీవితంలో మురికినీళ్లు పారబోయడానికి చెయ్యి రాకపోవడం ఆవిరక్కకు కొత్త. తొట్టినీళ్లే కాసిని కలిపి, బకెట్‌ను తొట్టి పక్కనే గోడవారగా పెట్టింది.

"గాలి కావాలేమో దానికి?" అంది భర్తతో, మొహం చూడకుండా.

ఆయన బకెట్‌లోకి చూశాడు, భార్యకేసి చూశాడు. ఈ ఇంట్లో కాళ్లు రెండుసార్లు కడుక్కుంటేగానీ గడప దాటనివ్వని మనిషి, మురికినీళ్లకు గాలి అడుగుతోంది. జోకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లోపలికెళ్లి తొట్టిలో గాలి కొట్టే మోటారుకు ఇంకో గొట్టం అతికించి తెచ్చి బకెట్లో వేశాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆవిరక్క కూతురితో ఫోన్లో చెబుతుంటే, కూతురు నవ్వి, "నా పురిటికి కూడా నువ్వింత కంగారు పడలేదమ్మా" అంది. పడింది. అప్పుడు కడగడానికి పాలసీసాలుండేవి. ఇప్పుడు చెయ్యడానికేమీ లేదు. చూడటమొక్కటే. అది ఎంత కష్టమైన పనో ఆవిరక్కకు ఇంతకుముందు తెలియదు.

అలా చూస్తుండగానే ఒక పొద్దున ఆకుల మూలనుంచి సన్నటి పొగలా పిల్లలు పైకి లేచాయి. పసుపమ్మ ముందు నడుస్తూ ఒళ్లు విదిల్చగానే పొగ మొత్తం దిగి ఆకును అంటుకుంది. మళ్లీ విదిలిస్తే లేచింది. అత్తగారు చప్పట్లు కొట్టబోయి, బెదురుతాయని గుర్తొచ్చి, చేతులు గాల్లోనే ఆపేసింది. ఫోన్లో చెబితే చేపలాయన మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. "తిండికి కంగారు పడకండక్కా. ఆకుల మీది జిగురే ఇప్పటికి వాటికి చాలు. మీరు మాత్రం..."

"చెయ్యి పెట్టను."

సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ దాని కొంగు పట్టుకుని భయం కూడా వచ్చింది. నిన్నటిదాకా కనబడని ప్రాణాల కోసం బెంగ. ఇప్పుడు కనబడే గుంపు. ఒకటి వెనకబడితే ఆవిరక్క అద్దానికి ముఖం ఆనించి, "పో, పో, మీ అమ్మ అటెళ్లింది" అని గొణిగేది. దొరగారు మూలనుంచి తొంగిచూస్తే ఈవిడే గుడ్లురిమేది.

బకెట్ మాత్రం కదల్లేదు. వాసన పట్టింది. "పారబోద్దామా?" అని భర్త అడిగిన ప్రతిసారీ, "రేపు చూద్దాం" అనేది.

ఆ ఆదివారం పొద్దున బకెట్ మీద ఎండపొడ పడింది. ఆవిరక్క అలవాటుగా వంగి చూసింది. నీళ్ల మధ్య ఒక చుక్క. నలుసనుకుంది. నలుసు గాలిబుడగల తోసుడుకు కొట్టుకుపోవాలి. ఇది ఎదురీదుతోంది.

"ఏమండీ! గాజు గ్లాసు!"

గ్లాసుతో నీళ్లతో సహా దాన్ని ఎత్తుకుంది. ఇంత దూరం వచ్చాక అసలు ప్రశ్న ఎదురైంది. ఇన్నాళ్లు వేరే నీళ్లలో, వేరే వాసనలో పెరిగిన పిల్ల ఇది. తల్లి గుర్తుపడుతుందా? పరాయిదనుకుంటే ఒక్క గుటక.

"ఇక్కడే విడిగా పెంచుదామత్తయ్యా."

"ఒంటరిగా బకెట్లోనా?"

"అక్కడ తినేస్తే?"

"నాకూ భయంగానే ఉందే" అంది అత్తగారు. "అయినా దింపు."

ఆవిరక్క రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నీళ్లలోకి దించి వంచింది. చుక్క బయటికి జారి, కొత్త లోకంలో దిక్కుతోచక ఉన్నచోటే వణికింది. పసుపమ్మ ఆ మూలనుంచి చూసింది. గుంపును వదిలి బాణంలా వచ్చింది. నోరు తెరిచింది.

చుక్క లేదు.

భర్త చెయ్యి ఆవిరక్క భుజం మీద పడింది. ఆవిడకది తెలియలేదు. పసుపమ్మ దవడలు నమిలినట్టు కదిలాయి. వెనక్కి తిరిగి, తొందరేమీ లేకుండా మూలకు ఈదింది. పిల్లల గుంపు మధ్యకు వెళ్లి ఆగింది. తల వంచి, విసుక్కున్నట్టు, ఫుస్సున ఉమ్మింది.

చుక్క గుంపులో పడింది. గింగిరాలు తిరిగి, తమాయించుకుని, మిగతావాటితో కలిసిపోయింది. అది ఏదో ఆపైన ఎవరూ చెప్పలేకపోయారు.

"ఎక్కడ తిరిగొచ్చావే అని తిట్టి లోపలికి లాక్కెళ్లింది" అంది అత్తగారు, కళ్లు ఒత్తుకుంటూ.

భర్త గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, వంగి బకెట్ పట్టుకున్నాడు. "హమ్మయ్య. ఇక దీన్ని పారబోస్తా."

"ఉండండి" అంది ఆవిరక్క, తడిచేతులతోనే ఆయన మణికట్టు పట్టుకుని. "ఇంకోటుందేమో."